ఏది విముక్తి?

1865 ఏప్రిల్ 9న లీ సేనాని గ్రాంటునకు లొంగుటతో అమెరికా అంతర్యుద్ధమును, బానిసత్వమును కలసి ముగిసెనని పలువురు వ్రాయుచున్నారు. మేము అంగీకరింపజాలము. ఆ జనవరిలో షెర్మను సేనాని దక్షిణపు తీరభూములను కుటుంబమునకు 40 ఎకరములకు మించకుండ విముక్తులకు పంచవలెనని ఉత్తరువిచ్చెను. వారు దున్నిరి, విత్తిరి. లింకను హత్యానంతరము అధ్యక్షుడైన ఆండ్రూ జాన్సను తిరుగుబాటుదారులను క్షమించి, ఆ భూములను వారికే మరల నిప్పించెను. కత్తి దూసినవానికి భూమి, చాకిరి చేసినవానికి వట్టి చేతులు! జూన్ 19న టెక్సాసులో విముక్తిని చాటిన ఉత్తరువే, ఉన్నచోటనే యుండి కూలికి పనిచేయుడని హితవు పలికినది. ఎవరి పొలములోనో వేరుగ చెప్పవలెనా? డిసెంబరునాటి పదమూడవ రాజ్యాంగ సవరణము సయితము నేరమునకు శిక్షగా వెట్టిని మిగిల్చినది. మిసిసిపీ శాసనసభ నవంబరులోనే పనిలేక తిరుగుటను నేరము చేసి, జరిమానా కట్టలేని నల్లజాతివారిని, దానిని చెల్లించిన దొరకు పనికి అప్పగించు చట్టము చేసియుండెను.