బూజుపట్టిన కాయయు, చావనొల్లని కణమును

బుక్కరాయసముద్రము చెరువు నీరు అందని మెట్టపొలములలో కాపులకు వేరుశనగయే పెద్ద ఆధారము. ఈ కాయకు పట్టు బూజునకును, క్యాన్సరు వ్యాధికిని గల సంబంధమును మన విద్యార్థులును, వారి తలిదండ్రులును ఎరుగుట అవసరమని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మన శరీరమందలి కణములకు పుట్టుట యెంత సహజమో, చచ్చుటయు అంత సహజము. పాడైన కణము ఒక క్రమముననుసరించి తనంత తాను నశించుటకు 1972లో శాస్త్రజ్ఞులు అపోప్టోసిస్ అని పేరిడిరి. కొన్ని మాంసకృత్తులు జన్యువుల నంటి, ఏది పనిచేయవలెనో ఏది ఊరకుండవలెనో శాసించును. వానిలో ముఖ్యమైనది 1979లో కనుగొనబడిన పి53. కణములోని డి.ఎన్.ఎ. దెబ్బతినినపుడు ఇది హెచ్చి, పి21 అను జన్యువును మేల్కొలిపి, మరమ్మతు జరుగువరకు కణవిభజనను నిలుపును. మరమ్మతునకు లొంగనిచో బాక్స్, ప్యూమా అను జన్యువులను పురికొల్పి కణమును చంపును. ఎన్.ఎఫ్. కప్పా బి అను మరియొక మాంసకృత్తు తరచుగా కణమును బ్రదికించు జన్యువులను ప్రేరేపించును. ఈ పొందిక తప్పి, చావవలసిన కణము చావక పెరుగుచుండుట క్యాన్సరునకు మూలములలో నొకటి. మానవులకు వచ్చు క్యాన్సర్లలో సుమారు సగమునందు పి53 జన్యువు చెడియుండును.

చెరువుకట్ట తెగబోగా ఊరికై ప్రాణమర్పించిన ముసలమ్మ కథ ఈ బుక్కరాయసముద్రము కథయే. కట్టమంచి రామలింగారెడ్డిగారు విద్యార్థిగానున్నపుడే, 1899లో, దానిని ‘ముసలమ్మ మరణము’ అను కావ్యముగా రచించిరి. ఆమె తెలిసి త్యాగము చేసెను; కణమునకు తెలివి లేదు. ఐనను ఒకటి నశించుటచే పెక్కింటికి రక్షణ కలుగుట రెండుచోట్లను కానవచ్చును.

ఇట్టి రక్షకుని చెరచు విషమొకటి మన పంటలోనే పుట్టుచున్నది. కాయ ఊరు దినములలో వాన కరవైనచో, అస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు నేలలోనే కాయకు పట్టును. తడియారని కాయను కుప్పవేసినచో మరింత వ్యాపించును. అది పుట్టించు విషమే అఫ్లాటాక్సిను. 1960లో ఇంగ్లండునందు చెడిన వేరుశనగ పిండిని తిని సుమారు లక్ష టర్కీకోళ్లు చచ్చుటచే ఈ విషము బయటపడెను. 1991లో చైనాయందును, ఆఫ్రికా దక్షిణభాగమందును కాలేయ క్యాన్సరు గడ్డలను పరీక్షింపగా, పి53లో 249వ స్థానమున ఉండవలసిన ఆర్జినినునకు బదులు సెరీను పెక్కింటియందు కనబడెను. అఫ్లాటాక్సిను విరివిగా తినబడు దేశములలో ఈ మార్పు తరచు కానవచ్చును. హెపటైటిస్ బి గలవారికి ఈ విషమువలన అపాయము మరింత హెచ్చు.

కరవుసీమలో గింజగింజయు బంగారము, పారవేయుట పాపమని కొందరందురు. ఆ మాటలోని బాధను మేమెరుగుదుము. మంచికాయ నమ్మి, నాసికాయను ఇంటికిని పశువులకును మిగుల్చుకొనుట లేమి నేర్పిన అలవాటు. కాని వేయించినను ఈ విషము పూర్తిగా పోదు. పశువు తినినచో పాలలోనికి వచ్చును. ఒక్క గింజ తిన్నంతనే భయపడ నక్కరలేదు; ఏండ్ల తరబడి తినుటయే కీడు.

ఈ భారమునంతయు రైతుపైననే మోపుట న్యాయము కాదని మా యభిప్రాయము. శుభ్రమైన కాయకు హెచ్చువెల నిచ్చుట కొనువారి విధి. ఆ వెల దొరకినపుడే చెడుకాయను వేరుచేయుటకు రైతునకు ధైర్యము కలుగును. మన విద్యార్థులు చేయదగిన పనియు కలదు. కాయ గలగలలాడువరకు ఎండబెట్టుడని పెద్దలకు చెప్పవలెను. బూజుపట్టినవానిని, ముడుతపడినవానిని తామే కూర్చుండి ఏరవలెను. ఇంటిలోని పసిబిడ్డకు హెపటైటిస్ బి టీకా వేయించిరో లేదో అడిగి తెలిసికొనవలెను. పుస్తకములోని శాస్త్రము ఇంటి చేటలోనికి వచ్చిననాడే చదువు సార్థకమగును.