ఫిరంగిబండి యెవరిది?

తోటపల్లి గూడూరు ప్రాంతపు సముద్రతీరమున నిలిచి చూచువారికి వెనుకవైపున బకింగుహాము కాలువయు, వరిపొలములును, ఇంకను పడమటగా మదరాసు నుండి కలకత్తాకు పోవు రహదారియు నుండును. 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసిన పిదప ఈ తీరమంతయు యుద్ధముఖమాయెను. మదరాసు ప్రజలు వేలకొలది ఊరు విడిచిరి. పెట్రోలు పడికట్టుగా నిచ్చుటచే బస్సులకు బొగ్గుపొయ్యిలు తగిలించి నడిపిరి. ఆ బొగ్గుబస్సుల ప్రయాణ మెట్టిదో మన పెద్దలు చెప్పగా విననివారుండరు.

ఆ కాలమున సేనకు మాత్రము లారీలకు కొదవ లేకుండెను. ముక్కు నొక్కివేసినట్లుండు ఆ లారీల నాలుగు చక్రములకును యంత్రబలము అందును. ఇరువదియైదు పౌనుల ఫిరంగి సుమారు 1.8 టన్నుల బరువు కలది. దాని గుండు పన్నెండు కిలోమీటర్ల దూరము పోవును. దానిని, మందుగుండు పెట్టెబండిని వెనుక తగిలించుకొని, ఫిరంగివాండ్ర ఆరుగురిని లోపల కూర్చుండబెట్టుకొని ఒక్క లారీయే పోవుచుండెను. బురదలో దిగబడినచో ఉక్కుతాటిని చుట్టు యంత్రముతో ఫిరంగిని పైకి లాగుచుండెను. ఎడ్లును గుఱ్ఱములును చేయలేని పని యిది, మెచ్చుకొనక తప్పదు.

అయితే ఆ లారీ యెచ్చటిది? కెనడా దేశపుది. ఫోర్డు, షెవర్లే కార్ఖానాలలో చేసి, భాగములుగా విడదీసి, పెట్టెలలో నౌకలపై పంపగా, ఇచ్చట బిగించిరి. ఆ యుద్ధకాలమున కెనడా చేసిన సైనిక వాహనములు 8 లక్షలకు పైబడినవి. కెనడాయు నదే సామ్రాజ్యములోనిది. కాని దానికి స్వపరిపాలన కలదు, మనకు లేకుండెను. వ్యత్యాసమంతయు అచ్చటనే యున్నది.

మనవారికి బుద్ధి లేక కాదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1935లో పాశ్చాత్యదేశములు తిరిగి చూచి మోటారు కార్ఖానాకు ప్రణాళిక వ్రాసిరి. బొంబాయి కాంగ్రెసు మంత్రివర్గము సాయపడ సమ్మతించెను. 1939లో అది రాజీనామా యిచ్చెను. 1940లో వాల్‌చంద్ హీరాచంద్‌గారు అమెరికాలోని క్రైస్లరు కంపెనీతో ఒడంబడిక చేసికొనిరి. లారీలకై సేన అలమటించు ఆ సమయముననే భారత ప్రభుత్వము ఇది యుద్ధమున కవసరమైన పరిశ్రమ కాదని తోసిపుచ్చెను! ఆ వాల్‌చంద్‌గారే విశాఖపట్టణమున నౌకానిర్మాణశాల నెలకొల్పగా 1941 జూను 21న బాబూ రాజేంద్రప్రసాదుగారు దానికి శంకుస్థాపన చేసిరి. ఓడను కట్టగలవాడు లారీని కట్టలేడా? అదే యుద్ధమున కెనడా ఫోర్డు చట్రముపై టాటావారి ఉక్కుకవచము బిగించి 4,000కు మించిన సైనిక శకటములను ఈ దేశపు కార్మికులే చేసిరి. ఉక్కు మనది, చేతులు మనవి. యంత్రమును చట్రమును మాత్రము నౌకపై రావలసెను.

శత్రువైన జపాను ఏమి చేసెనో చూడుడు. 1936లో శాసనము చేసి, తన గడ్డపై పాతుకొనియున్న ఫోర్డు, జనరల్ మోటార్సు కంపెనీలను అదుపుచేసి, టొయోటా, నిస్సాన్ సంస్థలను పెంచెను. 1939 నాటికి అమెరికావారు అచ్చట పని కట్టిపెట్టిరి. ఆ శాసనము యుద్ధపిపాస గల ప్రభుత్వముది. దాని ఉద్దేశమును మేము పొగడము. కాని ఫలితము కంటికి కానవచ్చుచున్నది. జపాను సేనకు ఆరు చక్రముల లారీలను చేసి యిచ్చిన సంస్థయే పేరు మారి ఇసుజు ఆయెను. ఆ కంపెనీయే 2016లో నెల్లూరికి దక్షిణమున, తడ చెంతనున్న శ్రీసిటీలో కార్ఖానా తెరచెను. నాడు విమానములతో భయపెట్టిన దేశము నేడు మన పిల్లలకు కూలి యిచ్చుచున్నది. మంచిదే, కాని ఆ బండి రూపురేఖలను గీసిన చేయి మనది కాదు.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప జబల్‌పూరులో 1950 దశాబ్దపు చివర మొదలిడి చేసిన శక్తిమాన్ లారీకిని మూలము జర్మనీ కంపెనీయే. 2025 మార్చిలో మన ప్రభుత్వము 307 స్వదేశీ ఫిరంగులకును, వానిని లాగు 327 ఆరు చక్రముల వాహనములకును సుమారు 6,900 కోట్ల రూపాయల ఒప్పందములు చేసికొన్నది. ఫిరంగి రూపకల్పన మన శాస్త్రజ్ఞులది. అందులకు మేమును సంతోషించుచున్నాము. ఇక ఆ 327 వాహనముల మాట. వాని యంత్రము, పళ్లచక్రముల పెట్టె, ఇరుసులు ఏ కార్ఖానాలో పోతపోయబడుచున్నవో, వాని నకాశీలపై హక్కు ఎవరిదో, పార్లమెంటులో మన ప్రతినిధులు అడిగి, అంశమంశముగా లెక్క చెప్పించి, పత్రికలకు వెల్లడింపవలెనని మేము కోరుచున్నాము.