డెస్క్‌టాప్ అందం చూసి మార్కులు వేయొద్దు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 చిప్ కావాలి. అది లేని పాత ల్యాప్‌టాప్‌లకు లినక్స్ మంచి దారి. హైదరాబాద్ సైదాబాద్‌లో ఒక జిరాక్స్ సెంటరు యజమానికో, డిగ్రీ విద్యార్థికో అన్నీ ముందే సర్ది ఇచ్చిన లినక్స్, అంటే డిస్ట్రో, అయితే ఇంకా సుఖం. కానీ ఆ సర్దుడు ఎంత బాగుందో తేల్చేదెలా?

ఇలా సర్ది ఇచ్చే పని తెలుగువారికి కొత్త కాదు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ 2005లోనే తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వారి బాస్ లినక్స్ 2007లో వచ్చింది. రెండింటికీ పునాది డెబియన్ అనే లినక్స్. కాబట్టి ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీస్ బాగా నడుస్తున్నాయన్న మెప్పు డెబియన్‌కూ, వాటిని రాసినవారికీ చెందాలి. సర్దినవారికి మార్కులు పడాల్సింది వాళ్లు చేర్చినదానికి, తీసేసినదానికి, మార్చినదానికి మాత్రమే.

అసలు పరీక్ష కీబోర్డు దగ్గరుంది. పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ తెరవగానే, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘జ్ఞానం’ టైప్ చేసి చూడాలి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వచ్చినవారికి అది, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టేవారికి ఆ పద్ధతి సిద్ధంగా ఉండాలి. వత్తులు తెరమీదే కాదు, ఫైలు పేరులో, పీడీఎఫ్‌లో, ప్రింటులో కూడా కుదురుగా కూర్చోవాలి. సైదాబాద్‌లో ఉర్దూ కూడా కావాలి. కుడి నుంచి ఎడమకు నడిచే ఉర్దూ వాక్యం, తెలుగు వాక్యం ఒకే పేజీలో తడబడకుండా నిలవాలి. ఇందుకోసం టెర్మినల్ తెరిచి టైపింగ్‌కు కావాల్సిన ఐబస్ ప్యాకేజీలు వెతుక్కోవాల్సి వస్తే అన్నీ సర్దామన్న మాట చెల్లదు.

డీటీపీవారి ‘అను’ ఫాంట్ల ఫైళ్లు లినక్స్‌లో గజిబిజిగా కనిపిస్తే ఆ తప్పు లినక్స్‌ది కాదు. ఆ ఫైళ్లు యూనికోడ్‌లో లేవు. అయినా వాటిని యూనికోడ్‌లోకి మార్చే పనిముట్టు లోపలే ఉంటే, తయారుచేసినవారికి ఇక్కడి పని తెలుసని అర్థం.

మిగిలింది నమ్మకం. 2016 ఫిబ్రవరిలో దుండగులు లినక్స్ మింట్ వెబ్‌సైట్‌లోకి చొరబడి, దొంగదారి పెట్టిన ఇన్‌స్టాలేషన్ ఫైలును (ఐఎస్ఓ) జనం చేత డౌన్‌లోడ్ చేయించారు. అంత పేరున్న డిస్ట్రోకే ఆ గతి పట్టింది. ఫైలును ఎవరూ మార్చలేదని సరిచూసుకునే చెక్‌సమ్, డిజిటల్ సంతకం లేకుండా పంచే ఐఎస్ఓను, ఎంత తెలుగుదనం ఉట్టిపడినా, ఇంట్లోకి రానివ్వకూడదు. భద్రతా అప్‌డేట్లు నేరుగా డెబియన్ నుంచి వస్తాయా, మధ్యలో ఎవరైనా ఆపుతారా అన్నదీ అడగాలి. నిర్వాహకులు అలసిపోతే ఆగిపోయే అప్‌డేట్లు గడువు తీరిన విండోస్ కంటే మేలేమీ కాదు.

తెలుగు డిస్ట్రో తయారుచేసే ప్రతి బృందానికీ ఒక విన్నపం: డెబియన్‌లో ఏమేం మార్చారో, అప్‌డేట్లు ఏ తేదీ వరకు ఇస్తారో డౌన్‌లోడ్ బటన్ పక్కనే తెలుగులో రాయండి.