వ్యానులో బస

పాత వ్యానులో మంచము, దీపము అమర్చుకొని సెలవులలో దేశసంచారము చేయుటెట్లని మా విద్యార్థులు కొందఱు మమ్ము అడుగుచున్నారు. కోరిక మంచిదే. అయినను వ్యానును ఇల్లుగా మార్చ యత్నింపరాదనియు, గూడుగా మార్చిన చాలుననియు మా యభిప్రాయము.

ఇది క్రొత్త కోరిక కాదు. ఆంగ్ల నౌకాదళమున వైద్యుడుగా నుండి, పిదప బాలురకు కథలు వ్రాసిన గోర్డన్ స్టేబుల్సు 1885లో "వాండరర్" అను గుఱ్ఱపుబండిని నివాసమునకు తగినట్లు కట్టించుకొని, ఇంగ్లండునుండి స్కాట్లండునకు ప్రయాణము చేసెను. మన పెద్దలు గూడుబండ్లలో పొరుగూళ్లకు పోయెడివారు. బండిలో పఱచిన గడ్డియే రాత్రి పరుపు, వేకువను ఎద్దులకు మేత. ఒక్క వస్తువు రెండు పనులకు వచ్చుటయే అందలి నేర్పు.

ఈ నేర్పును మేము మొదట మఱచితిమి. మా పాత వ్యానులో టేకు బీరువాయు, బరువైన మంచమును, 60 లీటర్ల నీటితొట్టియు పెట్టితిమి. నీరే 60 కిలోలు! కొండదారి నెక్కునపుడు బండి రొప్పసాగెను. రాత్రి దోమలకు వెఱచి కిటికీలన్నియు మూసి పరుంటిమి. తెల్లవాఱుసరికి మా ఊపిరిలోని తడి పైకప్పున చెమ్మగా పట్టి, బొట్లుబొట్లుగా మాపై పడెను. ఇల్లు చేరిన మఱునాడే బీరువాను తీసివేసితిమి.

ఇప్పుడున్నవి రెండు చెక్కపెట్టెలు, వానిపై ప్లైవుడ్ పలకలు. బండి నిలిచినపుడు అవియే ఆసనములు, రాత్రి నడుమ మఱియొక పలక వేసిన మంచము, లోపల సామానులు. అన్నియు బోల్టులతో బిగింపబడినవి. ఎదురెదురుగానున్న రెండు కిటికీలను కొంచెము తెఱచి, దోమతెర కట్టుదుము. బండి నడచునపుడు మాత్రము ఎవరును పెట్టెలపై కూర్చుండరాదు. బెల్టుగల సీట్లలోనే కూర్చుండవలెను.

విద్యుత్తు సంగతి విద్యార్థులే లెక్క వేయవచ్చును. 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల బ్యాటరీలో 1200 వాట్-గంటలుండును. సీసపు బ్యాటరీ త్వరగా చెడకుండుటకు సగమే, అనగా 600, వాడవలెను. 20 వాట్ల పంకాకు 8 గంటలకు 160. 5 వాట్ల దీపమునకు 4 గంటలకు 20. రాత్రికి 180 చొప్పున మూడు రాత్రులకు 540. ఇక మిగిలిన యంత్రములేల? బ్యాటరీ చెంత ఫ్యూజు పెట్టుట మాత్రము మఱువరాదు.

రెండు విషయములలో మేము కఠినముగా నుందుము. మొదటిది, వంట బండికి వెలుపలనే జరుగవలెను. మూసిన బండిలో పొయ్యిగాని బొగ్గుల కుంపటిగాని యున్నచో కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రించువాడు తిరిగి మేలుకొనకపోవచ్చును. ఇంజను నడుచుచుండగా నిద్రించుటయు నిట్టిదే. రెండవది, 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తప్పగునట్లు బండిని మార్పరాదు. కనుక ఒక్క సీటు తీయుటకైనను ముందు రవాణా శాఖవారి నడుగవలెను.

చదువుకొను పిల్లవాడు రంపము పట్టుటేమని కొందఱు తలిదండ్రులు శంకింతురు. పలకను కొలిచి, మూలమట్టము పెట్టి, సరిగా కోయువానికి రేఖాగణితము తానే బోధపడును. వడ్రంగి యింట పెరిగిన ప్రభువును సేవించు మనకు రంపము పట్టుట చిన్నతనమా?

షూనేమునందొక యిల్లాలు ఎలీషా ప్రవక్తకొఱకు ఏర్పఱచిన చిన్న గదిలో పరుండుటకు, కూర్చుండుటకు, భుజించుటకు, వెలుగునకు కావలసినవి మాత్రమే యుండెను. ప్రవక్తకు చాలినది పది దినముల బాటసారులమగు మనకు చాలదా?