మాటలు లేని పాట

బ్లూస్ పాటల అభిమానులు తమకిష్టమైన గాయకులను చెప్పుకొనేటప్పుడు బ్లైండ్ విల్లీ జాన్సన్ పేరు తరచుగా వస్తుంది. చిత్రమేమంటే ఆయన పాడినవన్నీ భక్తి గీతాలే! అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో వీధుల్లో గిటారు వాయిస్తూ సువార్త పాడిన అంధుడాయన.

1927 డిసెంబరులో డాలస్ నగరంలో కొలంబియా కంపెనీవారు ఆయన పాటలు రికార్డు చేశారు. వాటిలో ఒకటి గెత్సేమనే తోటలో ప్రభువు పడిన వేదనను గూర్చిన పాత కీర్తన. దానిని ఆయన మాటలతో పాడలేదు. గిటారు తీగ మూలుగుతుంటే దానితోపాటు తానూ మూలిగాడు, అంతే. సుమారు మూడు నిమిషాలు. మన సంఘాల్లో పెద్దవయసు అవ్వలు ప్రార్థనలో మాటలు దొరకక మూలుగుతారు చూడండి, అలాగన్నమాట. ఇది లోకసంగీతమని ఎవరైనా అంటే నేనొప్పుకోను.

1945లో ఆయన బోమాంట్ పట్టణంలో పేదవాడిగానే కన్నుమూశాడు. ఇల్లు కాలిపోతే ఆ శిథిలాల్లోనే తడిసిన పక్కమీద పడుకున్నాడని భార్య తరువాత చెప్పింది.

1977లో వాయేజర్ వ్యోమనౌకల్లో భూలోక సంగీతాన్ని బంగారు పూత రికార్డులకెక్కించి పంపారు. జాజ్‌లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, రాక్‌లో చక్ బెర్రీ, మన దేశంనుండి కేసర్‌బాయి కేర్కర్ గారు, వారి మధ్య ఈ గుడ్డి బోధకుని మూలుగూ ఉంది.