సిగ్నల్ కోసం గుట్టెక్కితే పిడుగు, కిందుంటే కబురే రాదు



ఏప్రిల్, మే నెలలొస్తే మా ఏజెన్సీలో తునికాకు పని. తెల్లారకముందే అడవికి పోయి, ఎండెక్కేసరికి మోపుతో ఇంటికొచ్చి, 50 ఆకులకో కట్ట కట్టి, సాయంత్రం కల్లంలో ఇవ్వాలి. చిన్నప్పట్నుంచి అమ్మ వెంట నేనూ పోయినోణ్నే. ఈదురుగాలి, ఉరుములు, పిడుగులు వచ్చేదీ ఆ నెలల్లోనే, ఎక్కువగా మధ్యాహ్నం దాటినాకే. కల్లం అంటే నీడలేని బయలు. ఆ వేళకి అక్కడ లైన్లో నిలబడేది మన అమ్మలు, అక్కలే.

పిడుగు ఎవరి మీద పడాలో తలరాత అంటారు మన పెద్దలు. ఇప్పుడు ఆ మాట పూర్తిగా నిజం కాదు. 1997లో నాసా, జపాన్ కలిసి పంపిన టీఆర్ఎంఎం ఉపగ్రహంలో మెరుపుల్ని పట్టే పరికరం ఉండేది. మబ్బు పైనుంచి కనపడే వెలుగుని పట్టపగలు కూడా గుర్తుపట్టేది. 2015 దాకా అది పోగేసిన లెక్కలతో ఏ చోట, ఏ నెలలో, ఏ గంటలో మెరుపులు ఎక్కువో మ్యాప్ గీశారు. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ వెనెజులాలోని మరకైబో సరస్సు మీద, చదరపు కిలోమీటరుకి ఏడాదికి 233 అని తేలింది ఈ లెక్కల్లోనే.

ఆ ఉపగ్రహం ఒక చోటు మీదుగా పోతూ నిమిషంన్నర మాత్రమే చూసేది. కాబట్టి దాని మ్యాప్ పిడుగుల అలవాటు చెప్తది గానీ ఇయ్యాల్టి హెచ్చరిక ఇవ్వదు. హెచ్చరికకి వేరే దారులున్నాయి. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు పడ్డాయని నేల మీది సెన్సర్లు లెక్కేశాయి. మబ్బుల నుంచి వచ్చే వేడిని ఇన్సాట్-3డీతో కొలిచి, దాదాపు రెండున్నర గంటల ముందే పిడుగుల్ని అంచనా వేయొచ్చని ఇస్రో 2025లో చెప్పింది.

రెండున్నర గంటలంటే మా అమ్మ కల్లం నుంచి ఇంటికొచ్చి అన్నం వండేసేంత టైము.

మరి ఆ కబురు ఎక్కడ ఆగిపోతాంది? ఫోన్లో. దామిని యాప్ ఉంది, మెసేజ్‌లు వస్తాయి. కానీ మా ఊళ్లో సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలి. పిడుగుకి అన్నిటికన్నా అనువైన చోటు ఆ గుట్టే! పోయిన సీజన్లో నేను గుట్టెక్కి చూస్తే హెచ్చరిక వచ్చింది, అప్పటికే వాన వెలిసింది.

జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో పిడుగుపాటుకి 2,887 మంది చనిపోయారు. ఉపగ్రహం మబ్బులో మెరిసేదాన్నీ, నేలమీద పడేదాన్నీ కలిపే చూస్తది. చావు ఎవరికో ఆ మ్యాప్ చెప్పలేదు. ఆ గంటలో ఆకాశం కింద ఎవరున్నారన్నదే అది తేలుస్తది. తునికాకు, పోడు, పశువులు, ఉపాధి పని: ఆ గంటలో బయట ఉండేది మనమే.

అందుకే మన డిమాండ్లు:

ఒకటి, మండలాలవారీగా ఏ నెలలో, ఏ గంటలో పిడుగులు ఎక్కువో గ్రామసభలో తెలుగులో, మన భాషల్లో చదివి వినిపించాలి.

రెండు, కల్లం వేళలు ఆ లెక్కని బట్టి మార్చాలి. కాంట్రాక్టరు వీలుని బట్టి కాదు.

మూడు, హెచ్చరిక ఫోన్ దగ్గర ఆగకుండా ఊరి మైకుకి, సైరన్‌కి రావాలి.

నాలుగు, ప్రతి కల్లం దగ్గర పిడుగు నిరోధకం పెట్టిన పక్కా గది కట్టాలి.

అప్పటిదాకా మనం చేయగలిగేది మనం చేద్దాం. ఉరుము వినపడితే చెట్టు కిందికి పోవద్దు. పిడుగు తగిలినోళ్లని ముట్టుకుంటే షాక్ కొట్టదు. ఊపిరి ఆగితే వెంటనే గుండె మీద నొక్కాలి, ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఈసారి కల్లాలు తెరవకముందే మీ గ్రామసభలో ఈ నాలుగూ తీర్మానం చేయండి. జోహార్!