పంట పండని గుట్టకు మన బాకీ

పెట్రోలు కారు రోడ్డెక్కిన ప్రతిసారీ మనం ఒక గుట్టకు ఎరువు వేస్తున్నాం. ఎరువు వేస్తే మంచిదేగా అని రైతుబిడ్డలెవరికైనా అనిపిస్తుంది. ఆ గుట్టకు మాత్రం ఎరువే చేటు.

కాలిఫోర్నియాలో మనం ఉండే సన్నీవేల్ నుంచి 101 హైవే మీద శాన్‌హోజే దాటి మోర్గన్‌హిల్ వైపు వెళ్తుంటే ఎడమచేతి పక్క పొడవాటి కొండవరుస కనిపిస్తుంది. దాన్ని కయోటీ రిడ్జ్ అంటారు. వేసవిలో చూస్తే ఎండుగడ్డి, పైకి తేలిన రాళ్లు తప్ప మరేమీ ఉన్నట్టు తోచదు. సర్పెంటైన్ అనే పచ్చటి రాయి చివికి ఏర్పడిన కంకర మట్టి అది. చాలాచోట్ల మూరెడు లోతు కూడా ఉండదు. మెగ్నీషియం, నికెల్ ఎక్కువ. కాల్షియం తక్కువ, నత్రజని మరీ తక్కువ. మన ఊళ్లలో అయితే పశువుల మేతకు తప్ప ఎందుకూ కొరగాదని వదిలేసే నేల.

ఆ లేమే దానికి రక్ష అయింది. యూరప్ నుంచి వచ్చి కాలిఫోర్నియా కొండలను కమ్మేసిన గడ్డి ఈ మట్టిలో బలిసి పెరగలేకపోయింది. అందుకే మిగతాచోట్ల కనుమరుగైన నాటు మొక్కలు ఇక్కడ నిలిచాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని చూడండి. పసుపు పూల మధ్య వేలెడంత మొక్క ఒకటి, సన్నటి ఆకులతో కనిపిస్తుంది. మన ఇళ్లలో నీళ్లలో కలుపుకుని తాగే ఇసబ్గోలుకు అది దాయాది. బే చెకర్‌స్పాట్ అనే సీతాకోకచిలుక గుడ్లు పెట్టేది ముఖ్యంగా దాని మీదే. నలుపు, ఎరుపు, లేత పసుపు గళ్ల రెక్కలు దానివి. ఎండలు ముదిరి మొక్క వాడిపోయేలోగా గొంగళిపురుగు కడుపు నింపుకోవాలి. ఆ తర్వాత రాళ్ల సందుల్లో నిద్రపోయి, చలికాలం వానలకు మళ్లీ లేస్తుంది. అమెరికా ప్రభుత్వం 1987లో ఈ సీతాకోకచిలుకను ముప్పులో ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారి జాస్పర్ రిడ్జ్‌లో పాల్ ఎర్లిక్ బృందం దశాబ్దాల పాటు దీన్ని గమనిస్తూ వచ్చింది. 1990ల చివరికల్లా అక్కడ గమనించడానికి ఒక్కటీ మిగల్లేదు.

ఇందులో మన పాత్రేమిటో 1999లో స్టూవర్ట్ వైస్ అనే శాస్త్రవేత్త రాసిన పరిశోధన పత్రం తేల్చింది. కార్ల పొగలోని నత్రజని గాలిలో కొట్టుకొచ్చి గుట్టల మీద దిగుతోంది. దక్షిణ శాన్‌హోజే గుట్టల మీద ఏటా హెక్టారుకు 10 నుంచి 15 కిలోలు పడుతోందని ఆయన అంచనా. మనకు తెలిసిన లెక్కలో చెప్పుకుంటే, ఎకరాకు సుమారు 9 నుంచి 13 కిలోల యూరియా ఏటేటా చల్లినట్టు. వరి మడికి అది ఏ మూలకూ చాలదు. ఆకలికి అలవాటు పడిన ఆ నేలకు మాత్రం మోయలేని బరువు. ఆ బలంతో పరాయి గడ్డి ఏపుగా లేచి, వేలెడు మొక్కను కప్పేస్తుంది. పశువుల మేపు ఆపేసిన చోట్ల ఈ పని మరీ త్వరగా జరిగింది. మేపు సాగుతున్న చోట ఆవులు ఆ గడ్డినే మేసి, చిన్న మొక్కకు ఎండ తగలనిచ్చాయి. అవి మాంసం కోసం పెంచే పశువులు. మనలో కొందరికి అది రుచించని సంగతే. అయినా మనం చల్లిన ఎరువు ఫలితాన్ని ఇన్నాళ్లుగా శుభ్రం చేస్తున్నది అవే.

2013 నాటి శాంతాక్లారా వ్యాలీ హాబిటాట్ ప్లాన్ అనే స్థానిక ఒప్పందం కింద కొత్త నిర్మాణాల వల్ల పెరిగే కారు ప్రయాణాలకు నత్రజని రుసుము వసూలు చేస్తున్నారు. ఆ సొమ్ము ఈ నేలల రక్షణకు వెళ్తుంది. శాన్‌హోజే, గిల్‌రాయ్, మోర్గన్‌హిల్ నగరాలు ఆ ఒప్పందంలో ఉన్నాయి. సన్నీవేల్ లేదు. లోయలో గాలి ఎక్కువగా వాయవ్యం నుంచి ఆగ్నేయానికి, అంటే మన వైపు నుంచి ఆ గుట్టల వైపే వీస్తుంది. పొగలో వాటా ఉండి, ఖర్చులో వాటా లేకపోవడం ఏ న్యాయం?

"నా ఒక్కడి కారుతో ఏమవుతుంది" అంటారు. పాలు పోయాల్సిన గంగాళంలో ఊరంతా చీకట్లో తలా చెంబెడు నీళ్లు పోసిన కథ మనకు చిన్నప్పుడే చెప్పారు. అక్కడా ఎవరికి వారు ఇదే మాట అనుకున్నారు. ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లు నిజంగానే మేలు చేశారు. కానీ ఇంట్లో రెండో కారు ఇంకా పెట్రోలుతోనే తిరుగుతోందా? పిల్లల తెలుగు తరగతికి ఒకే వీధి నుంచి నాలుగు కార్లు వెళ్తున్నాయా? 2024 సెప్టెంబరు నుంచి కాల్‌ట్రెయిన్ సన్నీవేల్ మీదుగా కరెంటుతోనే నడుస్తోంది. స్టేషన్ ఎక్కడుందో తెలియని వాళ్లు మన మధ్య ఎంతమంది?

ఒకప్పుడు సన్నీవేల్ అంటే ఆప్రికాట్, చెర్రీ తోటలు. ఆ లోతైన ఒండ్రు మట్టి మీద ఆఫీసులు, ఇళ్లు లేచాయి. గుర్తుగా ఆర్చర్డ్ హెరిటేజ్ పార్కులో పదెకరాల ఆప్రికాట్ తోట మిగిలింది. ఆ పాపంలో ఎక్కువ భాగం మనం రాకముందే జరిగిపోయింది. మంచి నేల పోయింది సరే, ఎవరికీ అక్కర్లేక మిగిలిన నేల కూడా పోతే ఆ లెక్క మన తరం ఖాతాలోనే పడుతుంది.

సొంత ఊళ్లో మన తీరు దీనికి భిన్నంగా లేదు. హైదరాబాద్ చుట్టుపక్కల ప్లాటు కొనేటప్పుడు ధర అడుగుతాం, ఫేసింగ్ అడుగుతాం. వెంచర్‌లో రోడ్లకు పోసిన మొరం ఏ గుట్టను తవ్వి తెచ్చారో అడగం. గొర్రెలు మేసే గుట్ట ఒకటి తరిగిపోతుంటే, ఇక్కడి నుంచి మనం పంపే డాలర్లూ అందులో పలుగూ పారా అవుతున్నాయి. పంట పండదు కాబట్టి అడిగేవాళ్లుండరనే ధైర్యం అక్కడా ఇక్కడా ఒకటే.

కాబట్టి అడిగేవాళ్లం మనమే అవుదాం. కయోటీ రిడ్జ్‌లో కొంత భాగాన్ని 2023లో ప్రజల కోసం తెరిచారు. ఉగాది వచ్చేదీ ఆ గుట్ట పూసేదీ ఇంచుమించు ఒకే సమయంలో. పిల్లల్ని తీసుకెళ్లండి, బాట దిగకుండా చూపించండి. సన్నీవేల్ సిటీ కౌన్సిల్ సమావేశాల్లో ఎవరైనా లేచి మాట్లాడవచ్చు. మన పొగకు మన నగరం ఏం చెల్లిస్తోందని అడగండి. దానికి ముందు, వచ్చే ఉగాది సభకు ఎవరు ఎవరి కారులో వస్తారో పేర్లు రాసుకుందాం. ముగ్గురు ఎక్కగలిగిన కారులో ఒక్కరే దిగితే, పక్కవాళ్లు మొహమాటపడకుండా ఎందుకని అడగాలి.